స్వర్ణముఖిలో పడవలు వేయకండి: చారిత్రక ప్రేమనవలలు రాసేవారికి బహిరంగ లేఖ

తిరుపతి

చారిత్రక ప్రేమనవలలు రాస్తున్న రచయిత్రులకు, రచయితలకు, వాటిని అచ్చేస్తున్న ప్రచురణకర్తలకు,

నమస్కారం.

విజయనగర కాలపు ప్రేమకథలు, అందులోనూ చంద్రగిరి, తిరుమల నేపథ్యంలో నడిచేవి, ఈమధ్య బాగానే వస్తున్నాయి. కొన్ని పుస్తకాలుగా, కొన్ని ఫోన్లో వారం వారం భాగాలుగా, కొన్ని చెవిలో పెట్టుకుని వినేవిగా. వాటిని డబ్బు పెట్టి కొని, అది చాలక అరువు తెచ్చుకుని చదివే పాఠకులం మేం. ఈ రకం నవలలంటే మొహం చిట్లించే పెద్దమనుషులు చాలామందే ఉన్నారు. కోట, కత్తి, కన్నె, కౌగిలి, ఇంతేగా అంటారు. కౌగిళ్లు తగ్గించమని మేం అడగడం లేదు. మా ఫిర్యాదల్లా ఒకటే: కౌగిలి దాకా దారి మరీ దగ్గరైపోయింది.

ఇప్పటి కాలపు ప్రేమకథలో ఇద్దరి మధ్య గట్టి అడ్డంకి దొరకడం కష్టం. కులముంది, డబ్బుంది, అమెరికా ఉంది. అయినా ఇద్దరి చేతుల్లోనూ ఫోనుంది. ఎంత పెద్ద అపార్థమైనా ఒక్క కాల్‌తో తీరిపోయేదే కాబట్టి రచయిత దాన్ని బలవంతాన సాగదీయాలి. 1500 ప్రాంతంలో ఆ బాధ లేదు. దూరం ఉండనే ఉంది. పెళ్లంటే రెండు వంశాల ఒప్పందం. ఇచ్చిన మాటకి సాక్షిగా రాయి మీద చెక్కిన శాసనం. వెళ్లినవాడు తిరిగొస్తాడో లేదో తెలియకుండా నెలలు గడిచేవి. మమ్మల్ని ఈ నవలల దగ్గర కట్టిపడేసేది ఆ ఎదురుచూపు. కాలాన్ని సరిగ్గా కడితే ప్రేమ దానంతటదే బిగుస్తుంది. కాలం సడలిందా, ఎంత చందమామ వర్ణన చేసినా ప్రేమ నిలబడదు. కాబట్టి కింద మేం చెప్పే తప్పుల్ని పండితుల చాదస్తంగా తీసుకోకండి. ఇవన్నీ నేరుగా మీ ప్రేమకథకి తగిలే దెబ్బలు.

ముందు దూరం సంగతి. చంద్రగిరి నుంచి విజయనగరానికి, అంటే ఇప్పటి హంపికి, దాదాపు 400 కిలోమీటర్లు. పల్లకీలు, బండ్లు, సామాన్లతో కదిలే రాణివాసం రోజుకి 20 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అంటే 20 రోజులు. ఒంటరి వార్తాహరుడు రోజుకి 30 కిలోమీటర్లు నడిచినా 13 రోజులు, జవాబుకి మరో 13. మధ్యలో వాగు పొంగితే ఆ లెక్క కూడా ఉండదు. మరి మీ నాయకుడు రాజధానిలో సంధ్యావందనం ముగించుకుని మర్నాడు పొద్దున చంద్రగిరి కోట గుమ్మంలో ఎలా దిగుతున్నాడు? గుర్రం మీద అంటారు. గుర్రం మామూలు నడక గంటకి ఆరు కిలోమీటర్లు, మధ్యరకం పరుగు పన్నెండు. పూర్తి దౌడు 40 పైన ఉంటుంది కానీ నాలుగైదు కిలోమీటర్లకే దాని రొప్పు మొదలవుతుంది. దారిలో గుర్రాలు మార్చుకుంటూ వచ్చాడనుకున్నా ప్రతి మజిలీలో మేపి సిద్ధంగా ఉంచిన గుర్రం కావాలి. దానికి రాజముద్ర కావాలి. రాజముద్ర చూపిస్తే వచ్చినవాడెవరో అందరికీ తెలిసిపోతుంది, రహస్య ప్రయాణం కాస్తా ఊరేగింపవుతుంది. చూశారా, లెక్క సరిగ్గా వేస్తే కథలో చిక్కు దానంతటదే పుట్టింది.

పైగా ఆ గుర్రాలు అరేబియా, హొర్ముజ్‌ల నుంచి ఓడల్లో పడమటి తీరానికి దిగేవి. విజయనగర రాజులు గోవా మీద ఆధిపత్యం ఎవరిదా అని అంతగా పట్టించుకోవడానికి కారణం ఈ వ్యాపారమే. అంత ఖరీదైన జంతువుని మీ నవలల్లో ప్రతి కాపలావాడూ ఎక్కి తిరుగుతున్నాడు.

కృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 వరకు తిరుమలకి ఏడుసార్లు వచ్చాడు. అందులో మూడు రాకలు 1513లోనే: ఫిబ్రవరి 10, మే 2, జూన్ 13. ఒడిశా గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి కోట మీద దండయాత్ర నడుస్తున్న రోజులవి. రెండో రాకకీ మూడో రాకకీ మధ్య 42 రోజులు. ఈ 42 రోజుల్లో రాయల సైన్యంలోని ఒక చిన్న నాయకుడు, తిరుపతిలో ఒక అమ్మాయి అనుకోండి. మళ్లీ వస్తాడా, ఉదయగిరి గోడ కిందే ఉండిపోతాడా? ఆ ముట్టడి మరుసటి ఏడాది జూన్ దాకా సాగిందని పాఠకుడికి తెలుసు, ఆ అమ్మాయికి తెలియదు. ఇంతకంటే మంచి బిగువు ఊహించి కల్పించడం కష్టం.

ఇక ఉత్తరాలు. ప్రియుడి లేఖ మీద కన్నీటిచుక్క పడి సిరా చెదిరిపోయే దృశ్యం దాదాపు ప్రతి నవలలోనూ ఉంది. తాటాకు మీద అక్షరం చెదరదు. ఎందుకంటే అది సిరాతో రాసింది కాదు, గంటంతో గీసింది. ఆకు మీది పొరని ఉక్కు మొన చీల్చుకుంటూ పోతుంది. గీసిన వెంటనే చూస్తే అక్షరాలు సరిగ్గా కనబడవు కూడా. దీపపు మసిని కాస్త నూనెలో కలిపి ఆకంతా రుద్ది, పైపైన గుడ్డతో తుడిస్తే మసి గీతల్లో మాత్రం నిలిచి అక్షరం నల్లగా తేలుతుంది. ఇది మీకు ఎంత పనికొచ్చే సంగతో చూడండి. మసి రుద్దని ఆకు పంపితే తోవలో పట్టుకున్నవాడికి అది ఖాళీ తాటాకులాగే ఉంటుంది. అందుకున్న ఆవిడ తలుపు మూసుకుని, కాటుక భరిణె తీసి, వేలికొసతో ఆకు మీద రుద్దుతుంది. కొంగుతో తుడుస్తుంది. మొదట ఒక అక్షరం, పక్కన మరోటి, మెల్లగా అతని మాట వెలికి వస్తుంది. మర్నాడు వేలికి మసి, కొంగుకి మరక. అత్తగారు చూడనే చూస్తుంది. కన్నీటిచుక్క కంటే ఇది నయం కాదా?

మాట మిగలకూడదనుకుంటే కడితం ఉంది. గుడ్డకి చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి ఆరబెట్టి పలకలా మడతలు పెట్టుకునేది. దాని మీద బలపంతో రాసి చెరిపేయొచ్చు. కరణాలు లెక్కలు రాసుకునే వస్తువది, దొంగ ఉత్తరానికీ అంతే బాగా పనికొస్తుంది. ఇక ఆ అమ్మాయికి చదువొచ్చా అని అడ్డుపడే సంపాదకుడికి తాళ్లపాక తిమ్మక్క పేరు చెప్పండి. అన్నమయ్య భార్య, సుభద్రాకల్యాణం రాసిన కవయిత్రి. అందరాడవాళ్లకీ చదువుండేదని దీనర్థం కాదు. చదువున్న ఆడది పుట్టనే లేదని అనడానికి మాత్రం వీల్లేదు.

ఊరి సంగతికొద్దాం. ఇక్కడ మాకు నిజంగానే ఒళ్లు మండుతుంది. వేసవి వెన్నెల్లో స్వర్ణముఖి మీద పడవలో విహరించే జంటని ఎన్ని నవలల్లో చదవాలండీ? చంద్రగిరి పక్కనుంచి, తిరుచానూరు మీదుగా శ్రీకాళహస్తికి పోయే ఈ ఏరు ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. దీనికి నీళ్లు తెచ్చేది ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, అప్పుడొచ్చేది ఎర్రటి వరద. ఆ వరదలో పడవేస్తే విహారం కాదు, విషాదం. వేసవిలోనే కలపాలనుకుంటే చెలమ దగ్గర కలపండి. ఇసుకలో మోచేతి లోతు తవ్వి, నీరూరే దాకా కూర్చోవాలి. మొదటూరిన బురదనీళ్లు తోడిపోసి, తేటనీళ్లు వచ్చాక చిప్పతో కడవలోకి ఎత్తాలి. కడవ నిండేసరికి చాలాసేపు పడుతుంది. ఆడపిల్ల ఇంటి నుంచి బయటికొచ్చి, ఎవరూ తప్పుపట్టకుండా, అంతసేపు ఒకచోట కూర్చోగల పని ఆ కాలంలో ఇంకేముంది? పడవ కోసం ఈ చెలమని వదులుకుంటున్నారు మీరు.

పూలు కూడా చూసుకోండి. బంతిపూల తోరణాలు, దేవగన్నేరు చెట్టు కింద ముద్దులు తెగ రాస్తున్నారు. రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే, 1500కి ముందే విజయనగరాన్నేలిన సాళువ నరసింహుడి కాలానికి మన గడ్డ మీద లేవు. మల్లె, సంపెంగ, పొగడ, మొగలి, కలువ, దవనం, మరువం ఉండగా మీకు లోటేమిటి? అన్నిటికంటే పెద్ద తప్పు, తిరుమల మీద నాయిక జడలో మల్లెచెండు పెట్టడం. కొండ మీద పూచిన ప్రతి పువ్వూ స్వామిదే, అక్కడ తలలో పూలు పెట్టుకోకూడదన్న ఆచారం ఈ ఊళ్లో చిన్నపిల్లకీ తెలుసు. దాన్నే కథలోకి లాగొచ్చు: కొండెక్కేముందు అలిపిరి దగ్గర ఆమె జడలోంచి పూలు తీసేస్తుంది. అవి ఎవరి చేతికందుతాయన్నది మీ ఇష్టం.

ఎర్రచందనం గురించి ఒక్క మాట. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో సహజంగా పెరిగే చెట్టు కాబట్టి మన కథల్లో దానికి చోటివ్వాలన్న సరదా అర్థమవుతుంది. కానీ ఎర్రచందనానికి వాసన ఉండదు. నాయిక మెడ మీది ఎర్రచందనపు పరిమళానికి నాయకుడు మైమరచిపోతే మా ఊరివాళ్లు నవ్వుతారు. పరిమళం శ్రీగంధానిది. ఎర్రచందనం రంగుకి, కొయ్యపనికి.

తిండిలో దొర్లే తప్పులు అందరికీ తెలిసినవే, చప్పున చెప్పేస్తాం. 1500కి మనకి మిరపకాయ లేదు, టమాటా లేదు, ఉర్లగడ్డ లేదు, జొన్నపొత్తు పక్కన మొక్కజొన్న లేదు, ఇప్పుడు చిత్తూరు జిల్లా అంటే గుర్తొచ్చే వేరుశనగా లేదు. కారం అంటే మిరియం, అల్లం, పిప్పలి. నూనె అంటే నువ్వులు. తిరుపతి లడ్డు కూడా అంతే. విజయనగర కాలపు శాసనాల్లో అప్పాలు, అతిరసాలు, వడలు, దోసెలు, మనోహరం, సుఖియం కనబడతాయి, ఇప్పటి లడ్డు కనబడదు. రాయలవారి కాలపు నాయిక ప్రియుడికి లడ్డు తినిపించిందంటే కథ అక్కడే కంచికి పోయినట్టు.

లడ్డు పోతే పోయింది. ఆ ప్రసాదాల వెనకున్న లెక్క మీ చేతికిస్తున్నాం, అది లడ్డుకంటే తీపి. తిరుమల శాసనాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే: ఫలానావారు శ్రీభండారంలో, అంటే గుడి ఖజానాలో, ఇన్ని పణాలు కట్టారు, ఆ సొమ్ముతో దేవస్థానం వారి ఊళ్లలో చెరువులో కాలవలో తవ్విస్తారు, దానివల్ల పెరిగిన పంటలోంచి ఫలానా రోజున ఇంత బియ్యం, ఇంత నెయ్యి, ఇంత పెసరపప్పుతో స్వామికి నైవేద్యం జరుగుతుంది. నైవేద్యం అయ్యాక ప్రసాదంలో నాలుగోవంతు దాతది. ఆ భాగాన్ని దాత తాను తీసుకోవచ్చు, తన తర్వాతివారికి రాసివ్వొచ్చు, మరొకరికి కేటాయించొచ్చు. అంటే అది ఒక ఆస్తి. ఈ దాతల్లో రాజులు, మంత్రులు, వర్తకులే కాదు, గుడిని అంటిపెట్టుకుని బతికిన ఎంపెరుమానడియార్ స్త్రీలూ ఉన్నారు. సొంత డబ్బు, సొంత పేరు, రాతి మీద చెక్కిన హక్కు ఉన్న ఆడవాళ్లన్నమాట. ఇప్పుడు కథ అల్లండి. ఒక నాట్యకత్తె వెయ్యి పణాలు కట్టి, నాలుగోవంతు భాగాన్ని ఒక పరదేశి యోధుడి పేర రాయించింది. అతను యుద్ధంలో చనిపోయాడన్న కబురొచ్చింది. ఆ భాగం తమదంటూ అతని అన్నదమ్ములొచ్చారు. గుడి వ్యవహారాలు చూసే స్థానత్తార్ల ముందు తగవు. ఆమె అతనికి ఏమవుతుందని సభలో అడిగితే ఏం చెప్పాలి? కత్తి దూయకుండా, కోట కూలకుండా ఎంత కథ నడుస్తుందో చూడండి.

డబ్బు బరువు కూడా ఒకసారి తూచుకోండి. వరహా సుమారు 3.4 గ్రాముల బంగారం, పది పణాలు ఒక వరహా. నాయిక కొంగున 5,000 వరహాలు ముడేసుకుని కోటగోడ దూకిందని రాస్తే ఆమె 17 కిలోలు మోస్తోందని అర్థం. రాయలు 1514 జూలై 6న స్వామికి కనకాభిషేకం చేయించిన 30,000 వరహాలు వంద కిలోల పైమాటే. అంత సొమ్ము కదిలిందంటే దాని చుట్టూ ఎంత కాపలా, ఎన్ని బండ్లు, ఎన్ని కళ్లు! మీ దొంగనాయకుడు ఎవడైనా ఉంటే ఆ రోజుకి పంపండి.

కొండెక్కే దారి గురించి ఇక్కడే చెప్పాలి. ఇప్పుడు ఎక్కుతున్న అలిపిరి మెట్లు 3,550, దూరం తొమ్మిది కిలోమీటర్లు. శ్రీనివాసమంగాపురం వైపునుంచి ఎక్కే శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, చంద్రగిరి నుంచి వచ్చేవారికి అదే దగ్గర. కొండ మీదికి ఘాట్ రోడ్డు వచ్చింది 1944లో. అంతకుముందు ఎవరికైనా కాళ్లు, కాకుంటే డోలీ. నాయకుడి రథం గుడి ముందు ఆగిందని రాయకండి. డోలీ మోసేవాళ్లు మధ్యలో దించి భుజాలు మార్చుకునే చోట్లు ఉంటాయి. మాటలు కలవాలంటే అక్కడ కలుస్తాయి.

నాయకుడి రూపం దగ్గరికొద్దాం. మీ రాజులందరూ పాలరాతి బొమ్మలు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసువాడు డోమింగో పేస్ కృష్ణదేవరాయల్ని కళ్లారా చూసి రాశాడు: మధ్యరకం ఎత్తు, తెల్లని ఛాయ, సన్నం కాదు, కాస్త ఒళ్లున్నవాడే, మొహం మీద మశూచి మచ్చలు. తెల్లవారకముందే లేచి నువ్వులనూనె తాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించి, మట్టి బరువులెత్తి, నూనె చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పి, ఆపైన కుస్తీ పట్టి, గుర్రమెక్కి మైదానమంతా తిరిగేవాడట. ఈ మచ్చల మొహం, ఈ నూనె వాసన ఏ నవలలోనూ మాకు తగల్లేదు. మీరు నునుపు చేసిన మొహం కంటే వేలితో తడిమితే గరుకుగా తగిలే ఆ మొహమే ప్రేమకథకి పనికొస్తుందని మా అభిప్రాయం. తలకి కిరీటం బదులు పొడవాటి కుళ్లాయి పెట్టండి. తిరుమల గుళ్లో రాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడ్డ లోహవిగ్రహాలు ఉండనే ఉన్నాయి. దర్శనానికి పోయినప్పుడు వరుస తోస్తున్నా సరే, ఆ కుళ్లాయిని, ఆ చీరల అంచుల్ని ఒక్క క్షణం చూసుకోండి.

ఆ ఇద్దరు రాణులే ఒక నవల. 1513 ఫిబ్రవరి 10న మొదటిసారి వచ్చినప్పుడు రాయలతోపాటు ఇద్దరూ స్వామికి కానుకలిచ్చారు. పాలు ఆరగింపు చేయడానికి చెరొక బంగారు గిన్నె. ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ కాకుండా చూసుకున్నదెవరో ఊహించండి. చిన్నాదేవి గురించి పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిన కథ కూడా ఉంది. రాయలు కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆమెని ప్రేమించి, రాజునైతే నిన్ను పెళ్లాడతానని మాటిచ్చాడట. రాజయ్యాక రాత్రిపూట ఒంటరిగా ఆమె ఇంటికి పోతుంటే తిమ్మరుసు వెంటపడి పట్టుకున్నాడట. నూనిజ్ చెప్పిన ప్రతిదీ నమ్మనక్కర్లేదు. అయితే రాయలు పోయి కొద్దేళ్లైనా కాకముందే జనం నోట ఈ ప్రేమకథ ఆడిందని మాత్రం దాన్నిబట్టి తెలుస్తుంది. అంటే చారిత్రక ప్రేమకథల మీద మన మోజు నిన్నటిది కాదు.

నాయిక వయసు దగ్గర మీరు దాటేస్తున్నారు, మేం చూస్తూ ఊరుకుంటున్నాం. ఆనాడు పెద్దిళ్ల ఆడపిల్లలకి బాల్యంలోనే పెళ్లిళ్లు. ఇరవై రెండేళ్ల కన్య రాకుమారి కోటలో వీణ వాయించుకుంటూ వరుడి కోసం చూస్తోందంటే ఎందుకలా ఉండిపోయిందో కారణం చెప్పాలి. కారణం కల్పించడం కష్టమైతే వేరే నాయికని తీసుకోండి. ఎదిగిన ఆడది, తన మనసు తనకి తెలిసినది కావాలి మాకు. గుడి నాట్యకత్తె, ఆస్థాన కవయిత్రి, పూలు కట్టే ఇంటి ఆడపడుచు, వర్తకుడి వితంతువు, ఎవరైనా సరే. వితంతువు అన్నాక సహగమనం ఊసు రాకుండా పోదు. విదేశీ యాత్రికులు చూసి రాసిన విషయమది. కథకి అడ్డమని దాన్ని చాప కిందికి తోసేయకండి.

ఇంకా పెద్ద అభ్యంతరం ఒకటుంది. శత్రురాజు కూతుర్ని ఎత్తుకొచ్చి, నాలుగు రోజులు కోటలో బంధించి, ఐదో రోజుకల్లా ఆమె అతని గుండెల మీద వాలిపోయే కథలు ఇకనైనా ఆపండి. గజపతితో సంధిలో భాగంగా రాయలు ఆయన కూతుర్ని పెళ్లాడాడు. ఆమె పేరే ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంది. రాయలు ఆదరించకపోతే కంభం చెరువు దగ్గర కాలం గడిపిందని, తన బాధని ఐదు సంస్కృత శ్లోకాల్లో చెప్పుకుందని, వాటిని తుక్కాపంచకం అంటారని జనశ్రుతి. నిజమెంతైనా, మన జనం ఆ పెళ్లిని విజయగాథగా గుర్తుపెట్టుకోలేదు, ఆమె ఒంటరితనంగా గుర్తుపెట్టుకున్నారు. ఓడినవాడి కూతురు గెలిచినవాడిని ప్రేమించడం అసాధ్యమని మేం అనం. అందుకు ఏళ్లు పట్టాలి. ఆమె కాదంటే నష్టపోయేది ఏమిటో, అవునంటే దక్కేది ఏమిటో పేజీ మీద కనబడాలి. కాదనే దారి లేనప్పుడు అన్న అవును మీద ప్రేమకథ కట్టలేరు.

చంద్రగిరి అనగానే అందరూ రాజమహల్ మేడ మీదికే ఎక్కుతున్నారు. ఇప్పుడు మనం చూస్తున్న ఆ కట్టడం విజయనగరపు చివరి దశది. సాళువ నరసింహుడి కాలపు నాయికని ఆ మేడ మీద నిలబెట్టకండి. రాజమహల్, రాణిమహల్ అన్న పేర్లు చూసి ఎవరు ఎక్కడ పడుకున్నారో తేల్చేయకండి. ఇంకోటి, రాజమహల్ కట్టింది ఇటుక, రాయి, సున్నంతో. కొయ్య దూలమన్నది లేదు. పైకప్పు దూలాలు అంటుకుని నాయిక మీద విరిగిపడే అగ్నిప్రమాదం అక్కడ జరగదు.

రాజమహల్ కంటే కోటలోని చెర మాకు ఎక్కువ ఆసక్తి. రాయలు గద్దెనెక్కగానే అన్న కొడుకునీ, తన తమ్ముళ్లనీ చంద్రగిరి కోటలో నిర్బంధించాడని నూనిజ్ చెబుతాడు. వారిలో ఒకడైన అచ్యుతుడే 1529లో రాజయ్యాడు. అంటే దాదాపు ఇరవై ఏళ్లు. ఒక రాకుమారుడి యవ్వనమంతా ఈ గుట్ట కింద, ఈ గోడల మధ్య గడిచింది. ఆ తర్వాత అతని పెళ్లి గురించి ఒక ఆడమనిషే కావ్యం రాసింది. తిరుమలాంబ రాసిన వరదాంబికాపరిణయం, గద్యం, పద్యం కలిసిన సంస్కృత చంపువు. అచ్యుతరాయలు వరదాంబికని పెళ్లాడటం, చిన వేంకటాద్రి అనే కొడుకు పుట్టి యువరాజు కావడం దాకా నడుస్తుంది. కావ్యం అక్కడ సుఖంగా ఆగిపోతుంది. చరిత్ర ఆగదు. 1542లో అచ్యుతుడు పోయాక ఆ పిల్లవాణ్ణి సొంత మేనమామ సలకరాజు తిరుమలుడే చంపించాడు. అటు తోడబుట్టినవాడు, ఇటు కొడుకు, మధ్యలో వరదాంబిక. తల్లి వైపునుంచి ఈ కథ చెప్పే నవల కోసం మేం ఎదురుచూస్తున్నాం.

వెంకటగిరి వైపు రచయితలకైతే 1614 ఉంది. వేంకటపతిరాయలు పోయాక వారసత్వపు కొట్లాటలో రాజకుటుంబాన్ని మొత్తం చంపేస్తే, ఒక్క రామదేవుణ్ణి మాత్రం వెలుగోటి యాచమనాయకుడు చాకలివాడి బట్టల మూటలో దాటించాడు. ఆ చాకలి ఇంటివారి వైపునుంచి కథ ఎవరూ చెప్పలేదు.

వెన్నెల విషయంలో ఒక చిన్న కొలత. పున్నమినాడు పొద్దు వాలగానే చంద్రుడు వస్తాడు. అక్కణ్ణుంచి రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యం. బహుళ పంచమికి రాత్రి పది, బహుళ సప్తమికి అర్ధరాత్రి కావొస్తుంది. కోట గోడ చీకట్లో దాటి, లోపల వెన్నెల్లో కలవాలంటే ఆ రోజులు చూసి పెట్టుకోండి. దీపావళి అమావాస్యనాడు వెన్నెల్లో ముద్దులు పెట్టించినవాళ్లు మీలోనే ఉన్నారు. గంటలు, నిమిషాలు బదులు ఘడియలు వాడండి. ఘడియ అంటే 24 నిమిషాలు, జాముకి ఏడున్నర ఘడియలు.

భాష గురించి ఎక్కువ చెప్పం. తిరుమల గోడల మీద రాతలు ఎక్కువ తమిళంలోనే, తర్వాత తెలుగు, కన్నడ, సంస్కృతం. గుడి లెక్కలు తమిళంలో, సైన్యం మాటలు తెలుగు, కన్నడాల్లో వినబడే ఊరు ఇది. ఈనాటికీ చిత్తూరు బజార్లో సగం బేరాలు రెండు భాషల్లో నడుస్తాయి. అందరి చేతా ఒకే నాటకాల గ్రాంథికం పలికించకండి. అన్నమయ్య శృంగార కీర్తనలు ఒక ఇరవై చదివితే ఆనాటి ఆడవాళ్లు ఎలా దెప్పుకునేవారో, ఎలా బుజ్జగించేవారో చెవికి పడుతుంది.

ప్రచురణకర్తలకు మా కోరిక ఖర్చు తక్కువదే. పుస్తకం మొదట్లో ఒక పటం వేయండి, చంద్రగిరి, తిరుమల, ఉదయగిరి, పెనుకొండ, విజయనగరం గుర్తించి, మధ్య దూరాలు రాసి. చివర రెండు పేజీలు రచయితకి ఇవ్వండి: కథలో ఏవి శాసనాల్లో, యాత్రికుల రాతల్లో ఉన్నవి, ఏవి జనశ్రుతి, ఏవి తన కల్పన అన్నది విడమరచి చెప్పడానికి. కల్పనని తప్పుపట్టం, చెప్పకపోవడాన్నే తప్పుపడతాం. అచ్చుకి ముందు దేవస్థానం వారు 1930లలో అచ్చువేయించిన శాసన సంపుటాలు ఒకసారి తిప్పి చూడమని రచయితని అడగండి. అట్ట మీద రాజస్థాన్ కోట బొమ్మ వేయకండి, చంద్రగిరి ఇక్కడికి పదిహేను కిలోమీటర్ల లోపే ఉంది, ఫొటోగ్రాఫరుని బస్సెక్కించి పంపండి.

ఇట్లు,
తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు పాఠకులం కొందరం